ఏలూరు రోడ్డులో విశాలాంధ్ర ఎలా నడిచింది, దాని ఇరుగుపొరుగు షాపులేమిటి: అదే వీధిలో 37 ఏళ్ళు పనిచేసినవాడిగా నా జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మీ నాన్నగారు 1980ల్లో విజయవాడలో డిగ్రీ చదివారు. ఏలూరు రోడ్డులో విశాలాంధ్ర పుస్తకాల షాపు గురించి ఇప్పటికీ చెబుతుంటారు. ఎర్రజెండా పుస్తకాలు అమ్మే షాపు అన్నేళ్ళు ఎలా నిలబడింది, చుట్టుపక్కల ఏమేం షాపులుండేవి, మీ నరసరావుపేటలో అలాంటిది ఒకటి పెడితే నడుస్తుందా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ షాపు మూడింటి మీద నిలబడింది: మాస్కో నుంచి కారుచౌకగా వచ్చిన పుస్తకాలు, ఊరూరా తిరిగిన పుస్తకాల వ్యాను, చుట్టూ ఉన్న వీధి. మొదటిది 1991తో ఆగిపోయింది. రెండోది మీరు చిన్న ఎత్తున చేసుకోవచ్చు. మూడోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నా అనుభవంలో షాపును కష్టకాలంలో గట్టెక్కించింది అదే. నరసరావుపేటలో నడుస్తుంది, కానీ నలుగురి మధ్య పెడితేనే. ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

నేను 1979 జూన్‌లో, పద్దెనిమిదేళ్ళప్పుడు, ఏలూరు రోడ్డులో ఒక టెక్స్టుబుక్కుల షాపులో చేరాను. గైడ్లు, నోటుబుక్కులు, అట్టలేసుకునే బ్రౌన్ పేపరు, జామెట్రీ బాక్సులు మా సరుకు. పదిహేడేళ్ళు అక్కడ కౌంటరు చూశాను. తర్వాత ఇరవయ్యేళ్ళు సొంతంగా జిల్లాల షాపులకి కట్టలు కట్టి పంపే పని చేశాను. అంటే విశాలాంధ్రలో నేను ఉద్యోగిని కాను, పార్టీ సభ్యుణ్ణీ కాను. పొరుగువాణ్ణి. రోజూ చిల్లర కోసం, టీ కోసం, పుస్తకం కోసం ఆ గుమ్మం ఎక్కి దిగినవాణ్ణి.

అసలు షాపులన్నీ అక్కడే ఎందుకు చేరాయి? ఆ రోడ్డుకి కాగితం మీద పేరు కారల్ మార్క్స్ రోడ్డు. పాత పుస్తకాల లోపలి పేజీ తిప్పితే "కారల్ మార్క్స్ రోడ్, విజయవాడ-2" అని చిరునామా కనపడుతుంది. నోటితో మాత్రం అందరికీ ఏలూరు రోడ్డే. విజయవాడ పెద్ద రైల్వే జంక్షను. మద్రాసు, కలకత్తా, ఢిల్లీ, హైదరాబాద్ వైపు వెళ్ళే లైన్లన్నీ అక్కడ కలుస్తాయి. పుస్తకాల వ్యాపారమంటే సగం పార్శిళ్ళ వ్యాపారమే. సాయంత్రం కట్ట కట్టి స్టేషన్‌లో వేస్తే తెల్లారేసరికి శ్రీకాకుళంలోనో ఒంగోలులోనో దిగేది. దానికి తోడు ఊరికి చదువు అలవాటు పాతది. మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ 1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలోనే జరిగింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక పత్రికలు ఇటు చేరాయి. ఆంధ్రజ్యోతి 1960లో ఇక్కడే పుట్టింది. పత్రికలుంటే ప్రెస్సులుంటాయి, ప్రెస్సులుంటే కంపోజిటర్లు, బైండర్లు, కాగితం వ్యాపారులు ఉంటారు. పుస్తకం వేసేవాడికి అన్నీ నడిచి వెళ్ళే దూరంలో దొరికేవి.

విశాలాంధ్ర పత్రిక 1952లో మొదలైంది. కమ్యూనిస్టు పార్టీ పత్రిక. అప్పటికి తెలుగువాళ్ళందరికీ ఒకే రాష్ట్రం కావాలన్నది పార్టీ నినాదం, పత్రిక పేరు అందులోంచే వచ్చింది. ప్రచురణాలయం, పుస్తకాల షాపులు ఆ పేరుతోనే నడిచాయి. హైదరాబాద్, విశాఖపట్నం, గుంటూరు, తిరుపతి, అనంతపురం, హన్మకొండ ఇలా చాలా ఊళ్ళలో బ్రాంచీలుండేవి. 1964లో పార్టీ చీలినప్పుడు విశాలాంధ్ర సీపీఐ వైపు ఉండిపోయింది. సీపీఎం వాళ్ళకి ప్రజాశక్తి. అది దినపత్రికగా 1981 ఆగస్టులో వచ్చింది. మొదటి రోజుల్లో మా వీధి టీ కొట్టు దగ్గర రెండు పత్రికలూ చదివి వాదించుకునేవాళ్ళు, పొద్దున ఆరున్నరకే.

ఇక షాపు లోపల ఎలా ఉండేదో చెప్తాను. నేను చేరిన మొదటి రోజుల్లో మా ఓనరుగారు వంద నోటిచ్చి "పక్కకెళ్ళి చిల్లర పట్రా" అన్నారు. విశాలాంధ్ర కౌంటరులో కూర్చున్న పెద్దాయన నోటు తీసుకుని చిల్లర లెక్కపెడుతూ, "ఏం చదువుతావు నువ్వు?" అన్నాడు. ఇంటరు తప్పానండీ అన్నాను. "అది కాదబ్బాయ్, పుస్తకాలేం చదువుతావు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన వెనక్కి తిరిగి ఒక పిల్లల పుస్తకం తీసి కౌంటరు మీద పెట్టాడు. గట్టి అట్ట, మంచులో నడుస్తున్న ఎలుగుబంటి బొమ్మ, లోపల దళసరి కాగితం. మన నోటుబుక్కుల కాగితానికి అలవాటు పడ్డ వేళ్ళకి ఆ కాగితం వేరే సంగతి. వాసన కూడా వేరు, కొంచెం జిగురు, కొంచెం కిరసనాయిలు లాంటి ఇంకు. మొదటి పేజీలో ఊదారంగు రబ్బరు స్టాంపుతో షాపు పేరు, దాని కింద రూపాయల్లో ధర. రెండు రూపాయలు కూడా లేదు. చిల్లరతో పాటు ఆ పుస్తకం కూడా పట్టుకుని తిరిగొచ్చాను. డబ్బులు జీతం రోజున ఇచ్చాను.

ఆ పుస్తకాలన్నీ మాస్కోలో తెలుగు అక్షరాలతో అచ్చయ్యేవి. ప్రగతి ప్రచురణాలయం, తర్వాత రాదుగ, సైన్సుకి మీర్. అనువాదం చేయడానికి మన వాళ్ళు అక్కడికి వెళ్ళి ఏళ్ళ తరబడి ఉండేవాళ్ళు. ఉప్పల లక్ష్మణరావుగారు, కడప నుంచి రాచమల్లు రామచంద్రారెడ్డిగారు అలా వెళ్ళినవాళ్ళే. చివరి పేజీలో పాఠకులకు ఒక విజ్ఞప్తి ఉండేది: అనువాదం గురించి, ముద్రణ గురించి మీ అభిప్రాయం రాయండి అని, కింద మాస్కో జూబొవ్‌స్కీ బుల్వార్ చిరునామా. ఒక పుస్తకం వేసినవాళ్ళు చదివినవాణ్ణి అభిప్రాయం అడగడం నేను అక్కడే మొదట చూశాను. నేనూ ఒక ఎయిర్ లెటర్ రాశాను. పిల్లల పుస్తకంలో వాక్యాలు ఇంకా చిన్నవిగా ఉండాలని రాశాను. మూడు నెలలకి తెలుగులో టైపు చేసిన జవాబొచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త మాట. ఆ రోజుల్ని తలుచుకునేవాళ్ళు అన్ని సోవియట్ పుస్తకాలూ ఎగబడి కొన్నట్టు చెబుతారు. అలా జరగలేదు. అమ్ముడుపోయింది పిల్లల పుస్తకాలు, పెరెల్మాన్ భౌతికశాస్త్రం లాంటి సైన్సు పుస్తకాలు, గోర్కీ, చెహోవ్, టాల్‌స్టాయ్. నాయకుల ఉపన్యాసాల సంపుటాలు దుమ్ము పట్టి ఉండేవి. కొన్ని అనువాదాలు మనవాళ్ళు మాట్లాడే తెలుగుకి చాలా దూరం. ఇంజనీరింగు కుర్రాళ్ళు ఇంగ్లీషులో ఉన్న మీర్ పుస్తకాల కోసం వచ్చేవాళ్ళు. పార్టీ ఏదైనా వాళ్ళకి అక్కర్లేదు, లెక్కలు బాగున్నాయి, ధర తక్కువ, అంతే. అలా వచ్చినవాళ్ళలో కొందరు రెండో బల్ల దగ్గర ఆగి శ్రీశ్రీని చేతిలోకి తీసుకునేవాళ్ళు. ఆ రెండో బల్ల చాలా ముఖ్యం. గురజాడ, కొడవటిగంటి, రాహుల్ సాంకృత్యాయన్ అనువాదాలు అక్కడుండేవి. విశాలాంధ్ర సొంత ప్రచురణలే కాక ఇతర ప్రచురణకర్తల పుస్తకాలు కూడా అమ్మేవాళ్ళు. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికొస్తాను.

వ్యాను సంగతి. పొలాల పనులు తగ్గి చేతిలో నాలుగు డబ్బులాడే రోజుల్లో పుస్తకాల వ్యాను జిల్లాల్లోకి బయల్దేరేది. పక్కలు తెరిస్తే అరలు. స్కూలు దగ్గరో, రచ్చబండ దగ్గరో ఆపి రెండు మూడు రోజులుండేవాళ్ళు. భోజనం ఎవరో ఒక టీచరు ఇంట్లో. లోడింగు రోజున మా షాపు కుర్రాళ్ళం సాయం వెళ్ళేవాళ్ళం, ఎందుకంటే జూన్ సీజనులో వాళ్ళ కుర్రాళ్ళు మాకు సాయం వచ్చేవాళ్ళు. జూన్‌లో మా షాపు ముందు జనం రోడ్డు మీద దాకా ఉండేవాళ్ళు, తల్లిదండ్రులు లిస్టు చీటీలు పైకెత్తి అరిచేవాళ్ళు. అప్పుడు విశాలాంధ్ర ఖాళీ. వాళ్ళకి గిరాకీ ఉండే రోజుల్లో మేం ఖాళీ. అదనంగా జీతం ఇవ్వాల్సిన పని లేకుండా రెండు షాపులకీ మనుషులు సరిపోయేవాళ్ళు.

ఇప్పుడు పొరుగు గురించి, అసలు నేను రాయాలనుకున్నది ఇదే.

నవోదయ పబ్లిషర్స్ ఉండేది. బాపు అట్టబొమ్మలు, ముళ్ళపూడి వెంకటరమణ పుస్తకాలు అంటే నవోదయే. సాయంత్రమైతే రచయితలు అక్కడ కూర్చునేవాళ్ళు. అరుణా పబ్లిషింగ్ హౌస్‌లో రంగనాయకమ్మగారి పుస్తకాలు దొరికేవి. అంత లావు పుస్తకం అంత తక్కువ ధరకా అని కొత్తవాళ్ళు రెండోసారి అడిగేవాళ్ళు. పటమట వైపు వెళ్తే గోరాగారి నాస్తిక కేంద్రం, అక్కడి పుస్తకాలు కూడా ఈ వీధికి వచ్చేవి. ప్రజాశక్తి వాళ్ళది గవర్నర్‌పేటలో, నడిచి వెళ్ళే దూరం. ఇవి పేరున్నవి.

పేరు లేనివాటి గురించి చెప్పుకోవాలి. మా పక్కన ఒక పూజా పుస్తకాల షాపు. వ్రతకథలు, స్తోత్రాలు, ఉగాది ముందు పంచాంగాలు. ఓనరుగారు నుదుట విభూతి లేకుండా ఎప్పుడూ కనపడలేదు. పంచాంగానికి వచ్చిన రైతులు ఎడ్లబండ్ల కాలం నుంచి ఆయన ఖాతాదారులు. ఒకసారి కైకలూరు వైపు నుంచి ఒక ఆయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్ల ఎనిమిదో తరగతి, సైన్సులో ఫస్టు వచ్చిందట. ఆయన పంచాంగం కొన్నాక, "పిల్లకేదైనా మంచి పుస్తకం ఇవ్వండి స్వామీ" అన్నాడు. విభూతి ఓనరుగారు నన్ను పిలిచి, "ఈ అమ్మాయిని విశాలాంధ్రకి తీసికెళ్ళు, సైన్సు పుస్తకాలు చూపించమను, నేను చెప్పానని చెప్పు" అన్నారు. ఆయన దేవుడి పుస్తకాలు అమ్మేవాడు, వీళ్ళు దేవుడు లేడనే పుస్తకాలు అమ్మేవాళ్ళు. పదేళ్ళలో ఆ ఇద్దరి మధ్య నేను మాట పెరగడం చూడలేదు. ఆయన మనవడికి కావలసిన బొమ్మల పుస్తకాలు విశాలాంధ్ర నుంచే వెళ్ళేవి.

సందులోకి వెళ్తే బైండింగు షాపు. నేల మీద కూర్చుని ఫారాలు మడిచే ఆడవాళ్ళు, వాళ్ళ చేతిలో ఎముక పలక. ఒక్కో ఫారం పదహారు పేజీలు. మడిచి, ఎముకతో ఒక్క గీత గీసి పక్కన పడేసేవాళ్ళు, లెక్క తప్పేవాళ్ళు కారు. విప్లవ కవిత్వమైనా సత్యనారాయణ వ్రతమైనా పదో తరగతి గైడైనా వాళ్ళ ఒళ్ళోంచే వెళ్ళింది. మైదా ఉడికించిన జిగురులో మైలుతుత్తం కలిపేవాళ్ళు, పురుగు పట్టకుండా. ప్రచురణకర్తల దగ్గర డబ్బు ఆడని నెలల్లో ఆ బైండరే అరువు పెట్టి పుస్తకం బయటికి వదిలేవాడు. వాణ్ణి నిలబెట్టింది మాత్రం గైడ్ల పని. గైడ్లు లేకపోతే బైండరు లేడు, బైండరు లేకపోతే వెయ్యి కాపీల కవిత్వం పుస్తకం లేదు. నేను మొదట చెప్పిన వీధి బలం అంటే ఇదే.

ఇంకా రబ్బరు స్టాంపులు చేసే ఆయన, శుభలేఖల షాపు, కాగితం టోకు వ్యాపారి, నవలలు అద్దెకిచ్చే చిన్న కొట్టు. ఆ అద్దె కొట్టు గురించి ఒక మాట. సాయంత్రం విశాలాంధ్రలో మగవాళ్ళే ఎక్కువ. ఆడవాళ్ళు చదవలేదని కాదు, వాళ్ళకి అక్కడ నిలబడి పుస్తకాలు తిరగేసే వీలు తక్కువ. వాళ్ళు అద్దె కొట్టుకి వచ్చేవాళ్ళు, లేదా పిల్లల్ని పంపేవాళ్ళు. ఆ కొట్టతను వారానికోసారి విశాలాంధ్ర, నవోదయ రెండూ తిరిగి ఒక్కో కాపీ కొని అద్దెకి పెట్టేవాడు. వీధిలో పుస్తకాలు ఇళ్ళలోకి వెళ్ళింది ఆ దారిన.

లెనిన్ సెంటర్, అలంకార్ థియేటరు వైపు పాత పుస్తకాల కొట్లు. మీ నాన్నగారికి ఇవి తప్పకుండా గుర్తుంటాయి. సంవత్సరం చివర చదివిన పుస్తకాలు సగం ధరకి అమ్మి, పై తరగతివి అక్కడే కొనుక్కునేవాళ్ళు. కొత్త షాపులో చూసి ధర తెలుసుకుని, ఆ తర్వాత పాత కొట్లో వెతికే కుర్రాళ్ళని మా ఓనరుగారు ఎప్పుడూ కసురుకోలేదు. "ఇవాళ పాతది కొన్నవాడు ఉద్యోగం వచ్చాక కొత్తది కొంటాడు" అనేవారు. నిజంగానే కొన్నారు.

రెండు పార్టీల మాట పైన వచ్చింది కాబట్టి ఇది కూడా రాస్తాను. గుడివాడ వైపు నుంచి ఒక పెద్దాయన నెలకోసారి వచ్చేవారు. తెల్ల పంచె, చంకలో గుడ్డ సంచి. 1964 చీలిక తర్వాత ఆయన సీపీఎం వైపు వెళ్ళారు. ఆ చీలికలో ప్రాణస్నేహితులు విడిపోయారు, ఆ గాయం చిన్నది కాదు. ఆయన విశాలాంధ్ర గుమ్మం ఎక్కేవారు కాదు. మా షాపులో స్టూలు మీద కూర్చుని, చీటీ మీద పుస్తకాల పేర్లు రాసి నా చేతికిచ్చేవారు. నేను వెళ్ళి తెచ్చేవాణ్ణి. లోపల కౌంటరు పెద్దాయనకి ఆ చేతిరాత తెలుసు. ఒకసారి చీటీ చూసి ఏమీ అనకుండా, అడిగిన నాలుగు పుస్తకాలతో పాటు అడగని ఐదోది కూడా పెట్టి, "ఇది కొత్తగా వచ్చింది, ఆయనకి నచ్చుతుంది, డబ్బులొద్దని చెప్పు" అన్నాడు. పంచె ఆయన ఆ పుస్తకం చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నారు. ఆ తర్వాత కూడా గుమ్మం ఎక్కలేదు. కానీ వచ్చే నెల తోటలోని సపోటా పళ్ళు తెచ్చి, "వాళ్ళకి కూడా ఇవ్వు" అన్నారు.

లోపాలు కూడా చెప్పాలి, లేకపోతే మీకు తప్పుడు బొమ్మ ఇచ్చినవాణ్ణవుతాను. 1985లో కారంచేడులో దళితుల ఊచకోత జరిగాక హాస్టళ్ళ నుంచి కుర్రాళ్ళు వచ్చి అంబేడ్కర్ పుస్తకాలు అడగడం మొదలుపెట్టారు. మా వీధి మొత్తంలో వాళ్ళకి చూపించడానికి ఉన్నవి చాలా తక్కువ. కులం గురించి తిన్నగా మాట్లాడే పుస్తకాలు వీధిలోకి ఆలస్యంగా వచ్చాయి. 1980లో పెట్టిన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ పుస్తకాలు అప్పుడు బాగా ఉపయోగపడ్డాయి. నేను వాటిని ప్రత్యేకంగా తెప్పించి ఇచ్చేవాణ్ణి. 1991లో చుండూరు ఊచకోత తర్వాత ఆ గిరాకీ ఇంకా పెరిగింది. ఎవరు ఏ పుస్తకం అడిగి, లేదనిపించుకుని వెనక్కి వెళ్తున్నారో రాసిపెట్టుకోండి. మేం రాసిపెట్టుకోలేదు, అందుకే ఆలస్యమయ్యాం.

1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ లేకుండా పోయింది. మా వీధికి అది పార్శిళ్ళు ఆగిపోవడంగా తెలిసింది. గోడౌన్‌లో ఉన్న సరుకు కొన్నాళ్ళు అమ్మారు. పిల్లల పుస్తకాల అర కిందినుంచి పైకి ఖాళీ అవుతూ వచ్చింది. ఒక లెక్చరరుగారు ఉన్నవాటిలో ఒక్కో కాపీ చొప్పున అట్టపెట్టెలో సర్దించుకుని వెళ్ళడం నాకు గుర్తుంది. రిక్షా ఎక్కించడానికి నేనే సాయం పట్టాను. "మా అబ్బాయికి ఇంకా పెళ్ళి కాలేదు, మనవలకోసం" అన్నారు. ఆ పుస్తకాలకి ఇప్పుడు పాత కొట్లలో వందల్లో అడుగుతున్నారు. సికింద్రాబాద్‌లోని "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్ళు కొన్నిటిని మళ్ళీ అచ్చేశారు, మీ షాపులో మొదట పెట్టాల్సినవి అవే.

ఆ తర్వాత షాపు మూతపడుతుందని చాలామంది అనుకున్నారు. పడలేదు. పడకపోవడానికి కారణం ఆ రెండో బల్ల. తెలుగు సాహిత్యం, ఇతరుల ప్రచురణలు, పోటీ పరీక్షల పుస్తకాలు, నిఘంటువులు అప్పటికే అక్కడున్నాయి. కేవలం మాస్కో సరుకు మీద ఆధారపడి ఉంటే ఏడాది కూడా నిలబడేది కాదు. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో విశాలాంధ్ర ప్రచురణలు, షాపులు నవచేతన అయ్యాయి, ప్రజాశక్తి నవతెలంగాణ అయింది. విశాలాంధ్ర అన్న పేరు పుట్టిందే తెలుగువాళ్ళంతా ఒకే రాష్ట్రం అన్న కోరికలోంచి. ఆ పేరుతో బిల్లుబుక్కులు వేసుకుని ఏళ్ళ తరబడి వ్యాపారం చేసిన హైదరాబాద్ మిత్రుడొకాయన, కొత్త బిల్లుబుక్కు మొదటి కాగితం చింపేటప్పుడు చెయ్యి ఆగిందని ఫోనులో చెప్పాడు.

వీధిని ఎక్కువ దెబ్బతీసింది వేరే సంగతి. కార్పొరేట్ కాలేజీలు సొంత మెటీరియల్ అచ్చేసుకుని పిల్లలకి వాళ్ళే అమ్మడం మొదలుపెట్టాక గైడ్ల వ్యాపారం పడిపోయింది. గైడ్లు పడిపోతే బైండరు పడిపోయాడు. మా సందులో బైండింగు షాపు స్థానంలో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. అద్దెలు పెరిగాయి, బండి పెట్టుకోవడానికి చోటు లేదు. పుస్తకాల పండగ మాత్రం ఏటా జనవరిలో జరుగుతూ వచ్చింది. స్వరాజ్ మైదానంలో అన్ని రంగుల షాపులూ పక్కపక్కనే. ఇప్పుడు అక్కడ అంబేడ్కర్ విగ్రహం ఉంది, పండగ వేరే చోటికి మారింది.

ఇక మీ షాపు. నా చేతి మీదుగా నడిచిన లెక్క చెప్తాను. చిల్లర షాపుకి ప్రచురణకర్త ఇచ్చే కమీషన్ నా కాలంలో 25 నుంచి 33 శాతం, ఎక్కువ కాపీలు నగదుకి తీసుకుంటే 40 దాకా. అంటే వంద రూపాయల పుస్తకం అమ్మితే మీకు పాతిక, ముప్పై. మీరు అద్దె, కరెంటు, ఒక మనిషి జీతం అందులోంచే తీయాలి. కవిత్వం, రాజకీయాలు మాత్రమే పెట్టుకుని అది తీయలేరు. నోటుబుక్కులు, పెన్నులు, పోటీ పరీక్షల పుస్తకాలు పెట్టండి, అందులో నామోషీ లేదు. మా వీధిలో అందరూ చేసింది అదే.

చోటు: స్టేషనరీ, జిరాక్స్, స్కూలు బట్టల షాపులు ఉన్న వరసలో చూడండి. అద్దె తక్కువని ఊరి చివర మంచి పెద్ద గది తీసుకుంటే జనం రారు. చిన్న గదైనా సరే, నలుగురు ఎలాగూ నడిచే దారిలో ఉండాలి. పక్క షాపులవాళ్ళని మొదటి రోజే వెళ్ళి పలకరించండి. వాళ్ళకి చిల్లర ఇవ్వండి, వాళ్ళ పార్శిలు వస్తే తీసి ఉంచండి.

సరుకు: అమ్ముడుపోనివి వెనక్కి తీసుకుంటారా లేదా అన్నది ముందే కాగితం మీద రాయించుకోండి. నోటిమాట మీద తెచ్చుకుని నేను ఒకసారి మూడు వందల కాపీలతో మిగిలిపోయాను. అవి వెనక్కి తీసుకుంటామన్నాయన తర్వాత ఫోనెత్తలేదు. గ్రంథాలయాల కొనుగోళ్ళని నమ్ముకుని పెట్టుబడి పెట్టకండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉన్న మాట నిజమే, 1960 చట్టం ప్రకారం వసూలు చేస్తారు. కానీ బిల్లు చేతికొచ్చే దాకా మీరు తట్టుకోవాలి. వస్తే మంచిదే, లెక్కలో వేసుకోకండి.

పిల్లల పుస్తకాలు కింది అరలో పెట్టండి, పెద్దవాళ్ళ కంటికి ఎదురుగా పెట్టకండి. పిల్లలు వాళ్ళంతట వాళ్ళు తీసుకోవాలి. చిరుగుతాయి, మాసిపోతాయి, ఏడాదికి పది పుస్తకాలు అలా పోతాయనుకోండి. ఒక స్టూలు, ఒక బెంచీ తప్పకుండా వేయండి. కూర్చుని చదివి కొనకుండా వెళ్ళేవాణ్ణి ఏమీ అనకండి.

నెలకి రెండు ఆదివారాలు దగ్గరి ఊళ్ళకి ఆటోలో వంద పుస్తకాలు వేసుకుని వెళ్ళండి. చిలకలూరిపేట, వినుకొండ, సత్తెనపల్లి మీకు దగ్గరే. పెద్ద వ్యాను అక్కర్లేదు. ఊళ్ళో ఒక్క టీచరు తెలిస్తే చాలు, బల్ల వాళ్ళే ఇస్తారు.

మీకు నచ్చని భావాల పుస్తకం ఎవరైనా అడిగితే లేదని పంపకండి. తెప్పించి ఇవ్వండి, లేదా ఎక్కడ దొరుకుతుందో చెప్పి పంపండి. కైకలూరు పిల్లని నా వెంట విశాలాంధ్రకి పంపింది పంచాంగాల షాపాయన.

ఇంకొకటి. మీ నాన్నగారి దగ్గర ఆ కాలం పుస్తకాలు ఏమైనా మిగిలుంటే మొదటి పేజీ తీసి చూడండి. ఊదా రంగులో గానీ నీలం రంగులో గానీ గుండ్రటి స్టాంపు ఉంటుంది, పక్కన పెన్నుతో ధర దిద్ది ఉండొచ్చు. ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. అక్షరాలు చెరిగిపోయినా పర్వాలేదు. ఆ స్టాంపులు చాలావరకు మా పక్క కొట్లో చేసినవే, ఏ షాపుదో చూసి చెప్తాను.